ధారాపురం మీదుగా వచ్చిన కర్నల్ ఫుల్లార్టన్

పాంచాలంకురిచ్చి పేరు వినగానే మన ఇళ్లలో బానర్మన్ దొర, 1799, కయత్తారు ఉరి గుర్తుకొస్తాయి. అంతకు 16 ఏళ్ల ముందే ఆ కోటను కొట్టిన దొర ఇంకొకడున్నాడు. ఆయనే కర్నల్ విలియం ఫుల్లార్టన్. మన తిరుప్పూరు జిల్లాలోని ధారాపురం కోటను పట్టుకున్నదీ ఆయనే.

ఫుల్లార్టన్ 1754లో స్కాట్లాండులో పుట్టాడు. తరువాతి రోజుల్లో అమెరికా వలసలు ఇంగ్లాండు మీద తిరగబడ్డాయి. స్పెయిన్ కూడా ఇంగ్లాండు మీద యుద్ధానికి దిగింది. మెక్సికో తీరంలో స్పెయిన్ వారి మీద దాడి చేయాలని 1780లో ఆయన ఒక పటాలాన్ని కూడగట్టాడు. ఇంతలో అమెరికన్లతో వ్యాపారం చేస్తున్నారని డచ్చివారి మీదా ఇంగ్లాండు యుద్ధం ప్రకటించింది. పటాలాన్ని మెక్సికోకు బదులు కేప్ వైపు మళ్లించారు. చివరికి అది ఇండియాకు చేరింది.

1783లో ఆయన దక్షిణ సేనకు అధిపతి. జూన్‌లో టిప్పు వశంలోని ధారాపురాన్ని పట్టాడు. ఆగస్టులో పాంచాలంకురిచ్చి మీద పడ్డాడు. వీరపాండ్య కట్టబొమ్మన పట్టానికి రాకముందు సంగతిది. కోటలో 40,000 వరహాలతోపాటు కొలంబో డచ్చివారితో పాలెగారు రాసుకున్న ఒప్పంద పత్రం దొరికింది. అమెరికాలో రాజుకున్న నిప్పు మన రాజకంబళం వారి గడప దాకా వచ్చిందన్నమాట. నవంబరులో పాల్ఘాట్, కోయంబత్తూరు కోటలనూ పట్టాడు. 1784 మంగళూరు సంధితో అవి తిరిగి టిప్పుకే పోయాయి.

ఇరవై ఏళ్ల తరువాత, 1803లో, ఆయన ట్రినిడాడ్ దీవికి కమిషనరుగా వచ్చాడు. అది ఆఫ్రికా బానిసల చెమటతో చెరకు పండించే దీవి. అక్కడి గవర్నరు థామస్ పిక్టన్ హయాంలో, 1801లో, లూయిసా కాల్డెరోన్ అనే మిశ్రమ జాతి బాలికను దొంగతనం ఒప్పుకోమని హింసించారు. ఒక చేతిని తాడుతో పైకి కట్టి, ఒక పాదాన్ని మేకు మీద ఆనించి వేలాడదీశారు. ఫుల్లార్టన్ ఈ సంగతి బయటపెట్టాడు. ఆ పిల్ల లండను కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పింది. 1806లో పిక్టన్ దోషి అని జ్యూరీ తేల్చింది. మళ్లీ విచారణ జరిగింది గానీ శిక్ష మాత్రం పడలేదు. ఫుల్లార్టన్ 1808లో కన్నుమూశాడు.

ఈ మనిషిని మనం ఎలా తలచుకోవాలి? ఆ బాలిక కోసం ఆయన చేసిన పోరాటం మెచ్చదగినదే. ఆమె పేరు, ఆమె పడ్డ బాధ కోర్టు కాగితాల్లో మిగిలాయి. పాంచాలంకురిచ్చిలో దొరికిన వరహాల లెక్క కూడా మిగిలింది. ఆ దాడిలో పడిపోయిన మన వాళ్ల పేర్లను మాత్రం అలా ఎవరూ రాసిపెట్టలేదు.

అందుకే సభ్యులందరికీ మా మనవి. మీ ఇంట్లో పెద్దలు చెప్పే పాలెం కథలు, ఇంటిపేర్లు, కులదైవం ఊర్లు పిల్లల చేత తెలుగులోనే రాయించండి. మన లెక్క మనమే రాసుకోవాలి.