బట్టల దుకాణం నుండి న్యాయపీఠం దాకా: ఇమామ్ అబూ హనీఫా

యారాడ, మల్కాపురం, గాజువాక తట్టున మన ఇండ్లలో బి.కాం. చదివే పిల్లలకు కొదువ లేదు. వాళ్ళ పుస్తకాల్లో బిజినెస్ లా అని ఒక సబ్జెక్టు ఉంటుంది. అందులో మొదట వచ్చేది 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టం. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, స్వేచ్ఛా సమ్మతి అంటూ నిర్వచనాలు బట్టీ పట్టి, పరీక్ష రాసి, మరచిపోవటం రివాజుగా మారింది. ఈ విద్యనే బజారులో వ్యాపారం చేస్తూ నేర్చుకుని, లోకానికి నేర్పి వెళ్ళిన మహనీయులు ఒకరున్నారు. ఆయనే హజ్రత్ ఇమామ్-ఎ-ఆజమ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్). హనఫీలమని చెప్పుకొనే మనలో ఆయన బట్టల వర్తకులని తెలిసినవారు ఎందరు? అందుకే ఈ ఏడాది సంచికలో ఆయన జీవితాన్ని మన పిల్లల ముందు పెట్టాలని అనుకున్నాము.

ఆయన అసలు పేరు నూమాన్. తండ్రిగారి పేరు సాబిత్. హిజ్రీ 80లో, అనగా క్రీ.శ. 699లో, ఇరాక్‌లోని కూఫా పట్టణంలో జన్మించారు. వర్తకానికీ, విద్యకూ రెంటికీ పేరు పడ్డ ఊరు అది. వీరిది ‘ఖజ్’ అనే పట్టుబట్ట వ్యాపారం. యువకుడుగా ఉండగా ఒకనాడు బజారుకు వెళ్తుంటే షాబీ అనే గొప్ప ఆలిం గారు పిలిచి, ఎవరి దగ్గర చదువుతున్నావని అడిగారట. ఎవరి దగ్గరా కాదని తెలిసి, ఇంత చురుకైనవాడివి పండితుల దగ్గర కూర్చోరాదా అని హితవు చెప్పారట. ఆ మాట నూమాన్ గారి మనసులో నాటుకుంది.

ఆ తరువాత హమ్మాద్ అనే గురువుగారి దగ్గర చేరి సుమారు 18 ఏళ్ళు చదువుకున్నారు. హిజ్రీ 120లో గురువుగారు పరమపదించగా, నలభై ఏళ్ళ వయసులో ఆయన స్థానంలో కూర్చుని పాఠం చెప్పసాగారు. అయినా వ్యాపారం మానలేదు. భాగస్థుల సాయంతో దుకాణం నడిపిస్తూనే వచ్చారు. ఒకరి మీద ఆధారపడని సంపాదన ఉంటేనే పండితుడు నిజం చెప్పగలడని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

ఇక ఆయన నేర్పిన విద్య సంగతి. ప్రతిపాదన, అంగీకారం అని కాలేజీలో చెప్పేదాన్ని మన శాస్త్రంలో ఈజాబ్-ఓ-ఖుబూల్ అంటారు. నికాహ్‌లో ఖాజీ గారి ముందు అందరూ విన్న మాటే! ఈజాబ్, ఖుబూల్ రెండూ కుదిరితే బేరం ఖాయమైనట్లే, ఇక వెనక్కి పోరాదని ఇమామ్ గారి అభిప్రాయం. అయితే చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనే హక్కు కొన్నవాడికి ఉందన్నారు. సరుకులో లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కునూ ఒప్పుకున్నారు. మాటకు కట్టుబడాలి, కాని మాట తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇదీ ఆయన త్రాసు.

ఇంకొక ముఖ్య సంగతి. లేని వస్తువును అమ్మరాదన్నది శాస్త్రంలో సాధారణ నియమం. మరి చెప్పులు కుట్టేవాడికి కొలత ఇచ్చి ఆర్డరు పెడితే ఎట్లా? ఆ చెప్పులు ఇంకా పుట్టనే లేదు కదా! జనానికి అవసరం, అందరి వాడుకలో ఉన్నది, మోసం లేనిది కనుక ఇది చెల్లుతుందని హనఫీ పండితులు తేల్చారు. దీనికి ఇస్తిస్నా అని పేరు. యారాడ కొండకు ఇవతల ఉన్న మన షిప్‌యార్డునే చూడండి. 1948లో అక్కడ జలప్రవేశం చేసిన ‘జల ఉష’ మొదలు ఎన్నో ఓడలు తయారయ్యాయి. ఓడను ముందు కట్టి తరువాత గిరాకీ వెతుక్కుంటారా? ముందు ఒప్పందం, తరువాతే ఓడ. కూఫాలో చెప్పుల జత గురించి ఆలోచించిన సూత్రం ఇంత పెద్ద ఓడకు కూడా సరిపోతుంది.

కాని ఇమామ్ గారి గొప్పతనం సూత్రాల్లోనే లేదు. ఒకమారు ఆయన భాగస్థునికి సరుకు పంపి, అందులో ఫలానా బట్టలో లోపం ఉన్నది, కొనేవారికి చూపించి మరీ అమ్మమన్నారు. ఆ భాగస్థుడు చెప్పటం మరచి అమ్మేశాడు. కొన్నది ఎవరో తెలియదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు.

బి.కాం. పిల్లలు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మన కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను ప్రకారం, చెప్పవలసిన బాధ్యత ఉన్న సందర్భాల్లో తప్ప, ఊరకే మౌనంగా ఉండటం మోసం కిందికి రాదు. 1930వ సంవత్సరపు సరుకుల అమ్మకం చట్టంలో కూడా, కొన్ని మినహాయింపులు పోను, కొనేవాడే జాగ్రత్తపడాలన్నది మూలసూత్రం. చట్టం పట్టుకోలేని ఆ మౌనాన్ని ఇమామ్ గారు తన మీద అప్పుగా లెక్కవేసుకున్నారు.

మరొక ఉదాహరణ మసీదుకు సంబంధించినది. 1914లో అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పిన అబ్దుల్ అజీజ్ కేసులో, మసీదు మరమ్మతుకు 500 రూపాయలు ఇస్తానన్న మాట కోర్టులో చెల్లలేదు. ప్రతిఫలం లేని వాగ్దానం గనుక వసూలు చేయటానికి వీలులేదన్నారు. చట్టరీత్యా అది సబబే. అంతమాత్రాన చందా రాసిచ్చి ఎగవేయవచ్చని అర్థమా? కోర్టు కొట్టేసిన బాకీ అల్లా దగ్గర కొట్టివేయబడదు. మెహర్ సంగతీ అంతే. అది భార్యకు భర్త పడ్డ బాకీ. దాన్ని అడగకుండా పోయినవారు మన తల్లుల్లో, అక్కచెల్లెళ్ళలో ఎందరో ఉన్నారు. అడగనంత మాత్రాన బాకీ తీరదు.

శిష్యుల పట్ల కూడా ఇమామ్ గారిది అదే పద్ధతి. అబూ యూసుఫ్ అనే బీద విద్యార్థి సంపాదన కోసం చదువు మానబోతే, తన డబ్బుతో ఆదుకుని చదివించారు. ఆ పిల్లవాడే తరువాత హారూన్ రషీద్ ఖలీఫా కాలంలో ప్రధాన ఖాజీ అయినారు. ఇమామ్ గారి సభలో ప్రశ్న వేస్తే శిష్యులు ఎదురు వాదించేవారు. సరుకు ఉంచుకోవాలా వద్దా అని ఆలోచించుకొనే గడువు మూడు రోజులు మించరాదని ఇమామ్ గారంటే, ఇద్దరూ ఒప్పుకుంటే ఎక్కువైనా పరవాలేదని అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అన్నారు. ఆ భేదాలు ఈనాటికీ గ్రంథాల్లో పక్కపక్కనే ఉన్నాయి.

చివరి పరీక్ష ఉద్యోగం రూపంలో వచ్చింది. ఉమయ్యాల గవర్నరు పదవి ఇస్తానంటే వద్దన్నందుకు కొరడా దెబ్బలు తిన్నారు. తరువాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి తీసుకొమ్మంటే, నేను తగను అన్నారు. అబద్ధమాడుతున్నావని ఖలీఫా గద్దిస్తే, అబద్ధాలకోరు అసలే ఖాజీగా తగడు కదా అని బదులిచ్చారని ప్రసిద్ధి. జైలులో పెట్టారు. క్రీ.శ. 767లో బాగ్దాదులో కన్ను మూశారు. బలవంతపు సమ్మతి సమ్మతి కాదని పాఠం చెప్పటం తేలిక, దెబ్బలు పడుతున్నప్పుడు నిలబెట్టుకోవటం కష్టం. మన తెలుగువారి ఇంటి తగాదా ఒకటి, చిక్కం అమ్మిరాజు కేసు, 1917లో మద్రాసు హైకోర్టులో తేలింది. ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి భార్య చేత, కొడుకు చేత తన సోదరుని పేర హక్కు విడుదల పత్రం రాయించుకున్నాడొక భర్త. అది బలవంతమేనని ఎక్కువమంది జడ్జీలు తేల్చారు. బిజినెస్ లా పుస్తకాల్లో ఈ కేసు తప్పక ఉంటుంది.

ఇమామ్ గారి సంప్రదాయంలో వెలసిన ‘హిదాయా’ గ్రంథం 1791లో చార్లెస్ హామిల్టన్ చేతిలో ఇంగ్లీషులోకి వచ్చింది. 1872 చట్టం వచ్చే వరకు మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాల్లో ముస్లిముల మధ్య కాంట్రాక్టు తగాదాలకు ఆ ధర్మశాస్త్రమే ఆధారం. ఇప్పుడు అందరికీ ఒకే చట్టం. దాన్ని మన పిల్లలు శ్రద్ధగా చదవాలి. సంతకం పెట్టే ముందు ప్రతి అక్షరం చదవాలి, అప్పు ఇచ్చినా పుచ్చుకున్నా కాగితం మీద పెట్టాలి. ఇది ఖురాన్ షరీఫ్ ఆదేశం కూడా. అయితే ఎదుటివాడి దగ్గర నాకేమి రావాలి అని వెతకటానికి ముందు, నేనేమి ఇవ్వాలి అని చూసుకొనేవాడే ఆ చదువు చదివినట్లు. మన ఇండ్ల నుండి అటువంటి వర్తకులు, అటువంటి వకీళ్ళు బయలుదేరాలని అల్లాను వేడుకుంటున్నాము. ఆమీన్.