హైదరాబాదు స్కాలర్‌షిప్పుతో ఆకాశానికి: వైను బప్పు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు వైను బప్పు గుర్తొచ్చారు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. నక్షత్రాల చదువుకు ప్రభుత్వం డబ్బెందుకు ఖర్చుపెట్టాలని పిల్లలు అడిగినప్పుడల్లా ఆయన జీవితమే చెప్పేవాణ్ణి.

బప్పు 1927లో మద్రాసులో పుట్టారు, పెరిగింది హైదరాబాదులో. తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో చిన్నప్పటి నుంచే టెలిస్కోపులు అలవాటయ్యాయి. నిజాం కాలేజీలో చదివాక, అప్పటి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1949లో హార్వర్డుకు వెళ్లారు. కొన్ని నెలలకే ఒక ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. అది బప్పు–బాక్–న్యూకిర్క్ తోకచుక్కగా పేరు పొందింది. తర్వాత ఓలిన్ విల్సన్‌తో కలిసి, కొన్ని రకాల నక్షత్రాల వర్ణపటంలోని కాల్షియం గీత వెడల్పును కొలిస్తే వాటి అసలు కాంతి ఎంతో తెలుస్తుందని చూపారు. అసలు కాంతి తెలిస్తే దూరం లెక్కకట్టవచ్చు. 1957లో వెలువడిన ఆ ఫలితాన్ని విల్సన్–బప్పు ప్రభావం అంటారు.

అమెరికాలో ఉండిపోకుండా ఆయన స్వదేశానికి తిరిగొచ్చారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలను నైనితాల్‌లో నిలబెట్టారు. 1960లో కొడైకెనాల్ వేధశాల డైరెక్టరయ్యారు. తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకుని, అక్కడ మరో వేధశాలను నిర్మించారు. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని 1977లో బయటపెట్టిన పరిశీలనల్లో కావలూరుదీ ఒకటి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు.

ఆయన పెద్ద కల 2.3 మీటర్ల టెలిస్కోపు. దాన్ని మన దేశంలోనే తయారుచేయించాలని పూనుకున్నారు. అది పూర్తికాకుండానే 1982లో మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1986లో దాన్ని ప్రారంభించి ఆయన పేరే పెట్టారు.

స్కాలర్‌షిప్పు ఇచ్చింది 1949లో, టెలిస్కోపు కన్ను తెరిచింది 1986లో. మధ్యలో 37 ఏళ్లు. మౌలిక విజ్ఞానానికి పెట్టిన డబ్బు ఆ ఏడాది పద్దులోనే ఫలితం చూపదు. అందుకే కోత పెట్టాల్సి వచ్చినప్పుడు ముందుగా దానిమీదే చూపు పడుతుంది. నష్టం కూడా ఆ ఏడాదే కనిపించదు కాబట్టి అడిగేవారుండరు.

మనలోనూ చాలామందిమి స్కాలర్‌షిప్పు డబ్బుతో పుస్తకాలు కొనుక్కున్నవాళ్లమే. ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వాన్ని అడుగుదాం. మన వంతుగా, సైన్సు మీద ఆసక్తి ఉన్న ఇద్దరు విద్యార్థులకు ఏటా చేయూతనిచ్చే నిధిని ఈ స్వర్ణోత్సవం నుంచే మొదలుపెట్టాలని పూర్వ విద్యార్థి మిత్రులను కోరుతున్నాను. ఫలితం మనం చూడకపోయినా సరే.