ముప్పై రెండా, పదహారా?

మన బడిలో చదువుకున్నవాళ్లలో అవగాడ్రో పేరు విననివారు ఉండరు. ఆ పేరు పక్కన పెద్ద సంఖ్య ఒకటి ఉంటుందని కూడా అందరికీ గుర్తే. మనిషి మాత్రం ఎవరికీ గుర్తుండడు. నాకు గుర్తుండిపోవడానికి నేను చేసిన తప్పే కారణం.

హైస్కూలు పరీక్షలో, 32 గ్రాముల ఆక్సిజన్ వాయువులో ఎన్ని మోల్‌లు ఉంటాయని అడిగితే 16తో భాగించి రెండు అని రాశాను. జవాబు ఒకటి. పేపర్లు ఇచ్చిన రోజు మాస్టారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒకప్పుడు మహామహులు కూడా ఇక్కడే పొరబడ్డారని చెప్పి, ఆ పీరియడ్ అంతా అవగాడ్రో కథ చెప్పారు.

అమెడియో అవగాడ్రో 1776 ఆగస్టు 9న ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పుట్టారు. వాళ్లది న్యాయవాదుల కుటుంబం. ఆయన కూడా ఇరవయ్యో ఏట చర్చి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని ప్రాక్టీసు పెట్టారు. కానీ మనసంతా లెక్కల మీద, భౌతికశాస్త్రం మీద. 1800 నుంచి వాటిని సొంతంగా చదువుకోవడం మొదలుపెట్టి, 1809లో వెర్చెల్లి అనే చిన్న ఊరి కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదిరారు.

అప్పటికి డాల్టన్ పరమాణు సిద్ధాంతం వచ్చింది. నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ ఉంటాయని, అంటే ఫార్ములా హెచ్‌ఓ అని డాల్టన్ అనుకున్నారు. 1808లో గేలుసాక్ ఇంకో సంగతి బయటపెట్టారు. రెండు ఘనపరిమాణాల హైడ్రోజన్, ఒక ఘనపరిమాణం ఆక్సిజన్ కలిస్తే రెండు ఘనపరిమాణాల నీటి ఆవిరి వస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదు.

1811లో అవగాడ్రో ఆ ముడి విప్పారు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో ఏ వాయువైనా అణువుల సంఖ్య సమానం అన్నారు. అలా అయితే ఒక ఆక్సిజన్ అణువు రెండు నీటి అణువులకు సరిపోవాలి. సగానికి విడిపోతేనే అది సాధ్యం. అంటే ఆక్సిజన్ వాయువు అణువులో రెండు పరమాణువులు ఉండాలి. హైడ్రోజన్‌లోనూ అంతే. అప్పుడు నీరు హెచ్‌టూఓ అవుతుంది. ఆక్సిజన్ పరమాణువు 16, అణువు 32.

ఎవరూ ఒప్పుకోలేదు. ఒకే రకం పరమాణువులు జతకట్టవని డాల్టన్ పట్టుదల. వ్యతిరేక విద్యుదావేశాలు ఉంటేనే కలుస్తాయని బెర్జీలియస్ వాదన. వాళ్లు ఆ రోజుల్లో దిగ్గజాలు. ఈయన మారుమూల కాలేజీ మాస్టారు.

1820లో ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. 1821 రాజకీయ తిరుగుబాటు తర్వాత అదీ పోయింది. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవడానికి పదేళ్లకు పైగా పట్టింది. 1850 వరకు పాఠాలు చెప్పారు. తన ప్రాంతంలో మెట్రిక్ కొలతలు ప్రవేశపెట్టే పనిలోనూ పాలుపంచుకున్నారు. 1856 జులై 9న కన్నుమూశారు. అప్పటికీ ఫార్ములాల గందరగోళం తీరలేదు. నీటికే ఒకరు హెచ్‌ఓ అని, మరొకరు హెచ్‌టూఓ అని రాసేవారు.

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహెలో రసాయన శాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. ఇటలీ నుంచి వెళ్లిన కన్నిజారో, అవగాడ్రో మాట పట్టుకుంటే పరమాణు భారాలన్నీ ఎలా సరిపోతాయో వివరించారు. ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని సభికులకు పంచారు. ఆ సభలో ఉన్న మెండలీఫ్ తర్వాత ఆవర్తన పట్టిక తయారుచేశారు. మనం అవగాడ్రో సంఖ్య అంటున్న దాన్ని అవగాడ్రో ఎన్నడూ లెక్కించలేదు. 1909లో పెరిన్ దానికి ఆయన పేరు పెట్టారు. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076×10²³ కణాలు అని నిర్ణయించారు.

ఇంత విన్నవాణ్ణి, ఉద్యోగంలో చేరాక మళ్లీ అదే తప్పు చేశాను. మండే ఆవిరి ఉన్న ట్యాంకును నైట్రోజన్‌తో శుభ్రం చేయడానికి ఎన్ని కిలోలు కావాలో లెక్క కట్టమన్నారు. 28కి బదులు 14 వేశాను. కావలసిన దాంట్లో సగమే తెప్పించాను. మూత తీసే ముందు గ్యాస్ పరీక్ష చేసిన పెద్దాయన ఆపమన్నాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాస్టారి చేతిలో ఎర్రసిరా చుట్టిన 16 కళ్లముందు కనిపించింది. అప్పటి నుంచి ఏ వాయువు లెక్కయినా, ఇది పరమాణువా, అణువా అని కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెడతాను.

ఈ సంగతి చెప్పి దండం పెడదామనుకునేసరికి మాస్టారు లేరు. అందుకే ఈ సంచికలో రాస్తున్నాను. ఇప్పుడు మన బడిలో సైన్సు చెబుతున్న గురువులకు ఒక మనవి. పిల్లవాడు 32 బదులు 16 రాస్తే సున్నా చుట్టండి, తప్పులేదు. దాంతో పాటు ఒక్క పది నిమిషాలు ఈ కథ కూడా చెప్పండి. ఆ తేడా ఒప్పుకోవడానికి లోకానికే దాదాపు యాభై ఏళ్లు పట్టింది.