మెట్రిక్ తప్పిన భీమవరం అబ్బాయి - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

టెన్త్ తప్పితే చదువు అయిపోయినట్టేనని మన ఊళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. అందుకే ఈ సంచికలో మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన ఒక పెద్దమనిషి గురించి రాయాలనుకున్నాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఇబ్బందులు. చిన్నప్పటి నుంచీ పుస్తకాల పురుగేమో అనుకునేరు! పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో వేశారు. తండ్రి పోయాక ఆమె తన నగలు అమ్మి చదివించారని చెబుతారు. మద్రాసు హిందూ హైస్కూలులో మూడోసారికి మెట్రిక్ గట్టెక్కారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసరైన తెల్లదొరకు అది గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. చేతికి రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ కాలంలోనే ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో పోగొట్టుకున్నారు. అన్నగారిని తీసుకుపోయింది స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం లేక మనిషి కృశించిపోయే జబ్బది. అప్పటికి దానికి మందు లేదు.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం అందుకుని 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. పరాయివాళ్ల సొమ్ముతో చదువుకోవడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ డబ్బు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు హార్వర్డ్‌లో చదువు.

అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. విటమిన్ డి లోపం వల్ల పిల్లల ఎముకలు వంగిపోయే రికెట్స్ జబ్బులో రక్తంలో ఫాస్ఫరస్ తగ్గుతుంది కాబట్టి ఈ కొలత డాక్టర్లకు ఎంతో అక్కరకొచ్చింది. ఇదే పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుతుంది. 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. మనం తిన్న అన్నంలోని శక్తి ఒంట్లో ఖర్చయ్యేది ఈ ఏ.టి.పి. రూపంలోనే. బయాలజీ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మనం బట్టీ పట్టేది దీన్నే!

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇక్కడే ఉంది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తహీనతను తగ్గించే మందు అది. అన్నగారు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. బడుల్లో, హాస్టళ్లలో వారానికోసారి మింగించే ఐరన్ మాత్రలో కలిపేది కూడా ఈ ఫోలిక్ ఆసిడ్‌నే. చేదని మూతి ముడుచుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ గమనించాలి.

ఫోలిక్ ఆసిడ్‌కు విరుగుడుగా వాళ్లు తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు చికిత్స చేశారు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బు ముందు డాక్టర్లు చేతులెత్తేసేవారు. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా లెడర్లీలో ఆయన బృందం ఇచ్చిందే.

ఒక్క విషయం మాత్రం మమ్మల్ని బాధపెడుతుంది. వెళ్లిన మనిషి మళ్లీ స్వదేశం రాలేదు. పసికందుగానే కొడుకు చనిపోయాడు, చూడలేకపోయారు. భార్య శేషగిరి గారు మళ్లీ భర్త ముఖం చూడలేదు. ఆయన కనిపెట్టినవి ఎన్ని చెప్పుకున్నా, ఆమె ఎదురుచూసిన పాతికేళ్లకు పైబడిన కాలాన్ని లెక్కలోంచి తీసేయలేం.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి వెళ్లిపోయారు. వయసు 53. నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. ఒక రకం బూజుకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.