సుకుమార సేనుగారు

గ్రామ పంచాయతీ యెన్నికలు వచ్చినపుడు మెదకు జిల్లా ఎల్దుర్తి ప్రాంతమున ఉపాధ్యాయులును, తక్కిన ప్రభుత్వోద్యోగులును ఉత్తరువు లందుకొని, శిక్షణ పొంది, పెట్టెలును చీటీలును తీసికొని తమది కాని యూరికి బయలుదేరుదురు. ఇది తమకు సంబంధింపని భారమని విసుగుకొనువారును కలరు. అట్టివారు సుకుమార సేనుగారి చరిత్రము నొకమారు స్మరింపవలయును.

వంగదేశీయులగు సేనుగారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలయందును, లండను విశ్వవిద్యాలయమునందును చదివి, గణితమున బంగారు పతకము నందిరి. సివిల్ సర్వీసున జేరి, జిల్లాలలో పనిచేసి, న్యాయాధిపతులై, పశ్చిమ వంగ ప్రభుత్వమునకు ప్రధాన కార్యదర్శులైరి. 1950 మార్చిలో భారతదేశపు ప్రథమ ప్రధాన ఎన్నికల కమిషనరుగా నియమితులైరి. 1951 వసంతముననే యెన్నికలు జరుగవలెనని నెహ్రూ పండితుడు త్వరపడుచుండెను. సేనుగారు మాత్రము తొందరపడలేదు.

కారణము స్పష్టము. వోటర్లు 17 కోట్ల 60 లక్షలు. వారిలో నూటికి 85 మంది నిరక్షరులు. పట్టికలు సిద్ధపరచుటకు 16,500 మంది గుమాస్తాలు ఆరు మాసములకు నియమింపబడిరి. 20 లక్షల ఉక్కు పెట్టెలు కావలసివచ్చెను. 56,000 మంది ప్రిసైడింగు ఆఫీసర్లకు 2,80,000 మంది సహాయకులు తోడైరి. చదువురాని వానికి గుర్తే యక్షర మయ్యెను. ప్రతి యభ్యర్థికి నొక పెట్టె, పెట్టెపై నాతని గుర్తు. వోటరు వ్రేలికి చెరగని సిరా.

పట్టికలు వ్రాయునపుడు పెద్ద చిక్కు వచ్చెను. ఉత్తరదేశమున అనేక స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్య ననియో, ఫలానివాని తల్లి ననియో వ్రాయించుకొనిరి. సేనుగా రందుకు సమ్మతింపలేదు. సుమారు 28 లక్షల స్త్రీల నమోదులు కొట్టివేయబడెను. వోటు ఇంటిది కాదు, మనిషిది యనుట న్యాయమే. కాని యా న్యాయమునకు మూల్యము చెల్లించినవారు ఆ స్త్రీలే యని మరువరాదు. దీనిచే కలిగిన కలవరమే దురాచారమును పోగొట్టునని సేనుగారు తలచిరి. 1957 నాటికి ఆ చిక్కు చాలవరకు తొలగినది.

నాడు మెదకు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. నైజాము ప్రభుత్వమున వయోజను లందరికిని వోటు లేదు. 1952 ఎన్నికలలో ఇచ్చటి రైతును కూలియును తొలిసారిగా నొకే వరుసలో నిలిచిరి. ఆ యెన్నికలకు పెట్టెలు చేసిన కర్మాగారములలో హైదరాబాదు ఆల్విన్ ఒకటి యనుట మనకు గర్వకారణము.

1953లో సూడాను దేశపు ఎన్నికలు నడపుటకు సేనుగారు ఆహ్వానింపబడిరి. 1957లో పాత పెట్టెలనే మరల వాడించి నాలుగున్నర కోట్ల రూపాయలు మిగిల్చిరి. తరువాత బర్ద్వాను విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైరి. ఆయన గతించి అరువది యేండ్లు దాటినది.

స్థానిక ఎన్నికలు సేనుగారు నడపినవి కావు. నేడు వానిని రాష్ట్ర ఎన్నికల సంఘము నడపుచున్నది. అయినను తెలంగాణా పంచాయతీ యెన్నికలలో నేటికిని పెట్టెయే, చీటీయే. చీటీపై పేరు లేదు, గుర్తే యున్నది. మధ్యాహ్నము ఒంటిగంటకు పోలింగు ముగియును, రెండు గంటలనుండి ఆ యూరిలోనే లెక్కింపు జరుగును.

ఇచ్చట పరీక్ష మరింత కఠినము. శాసనసభకు నిలుచువాడు దూరపువాడు కావచ్చును; సర్పంచి పదవికి నిలుచువాడు పొలముగట్టువాడు, చుట్టము, అప్పిచ్చినవాడు. ఒక్క వోటు తేడాతో ఫలితము తారుమారు కాగలదు. అట్టి తావున ఓడినవాడు సైతము లెక్కను నమ్మి యింటికి పోవలెనన్నచో, బల్లవెనుక కూర్చున్న పరాయియూరి ఉద్యోగి నిష్పక్షపాతియై యుండవలెను. సేనుగారు ఢిల్లీలో కూర్చుండి పద్ధతి నేర్పరుపగలిగిరి. దానిని నిలుపువాడు ఎల్దుర్తి బడిలోని ఆ యుద్యోగియే. ఉత్తరువు వచ్చినపుడు వంక చెప్పి తప్పించుకొనక, ఆ బల్లవద్దకు పోవుట విద్యావంతుని ధర్మము.