లెక్క తేల్చిన డాక్టరు - ఆర్చీ కాక్రేన్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరారు. ముప్పై నాలుగేళ్లు లెడ్జర్లు కూడినవాణ్ణి కనుక, వైద్యులకు కూడిక విలువ తెలియజెప్పిన డాక్టరు ఆర్చీ కాక్రేన్ గారిని ఎంచుకున్నాను.

ఆయన 1909 జనవరి 12న స్కాట్లండులోని గాలాషీల్స్‌లో జన్మించారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించారు. కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. వైద్యవిద్య మధ్యలో ఆపి, స్పెయిన్ అంతర్యుద్ధంలో అంబులెన్సు దళంలో పనిచేశారు. తిరిగివచ్చి 1938లో డాక్టరు అయ్యారు. 1941లో క్రీటు దీవిలో జర్మన్లకు చిక్కి నాలుగేళ్లు యుద్ధఖైదీగా ఉన్నారు.

సలోనికా శిబిరంలో తోటి ఖైదీలకు కాళ్లు వాచిపోతుంటే, ఆయన ఇరవై మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈస్టు, మరో జట్టుకు విటమిన్ సి ఇచ్చి, రోజువారీ లెక్క రాశారు. ఈస్టు తిన్నవారు తేరుకున్నారు. ఆ లెక్క చూపించి జర్మన్ల చేత ఖైదీలకు ఈస్టు ఇప్పించారు.

యుద్ధం తరువాత వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు మీద పరిశోధన చేశారు. 1960లో కార్డిఫ్‌లో క్షయ, ఛాతీ వ్యాధుల ప్రొఫెసరు అయ్యారు. చీట్లు వేసినట్లు రోగులను రెండు జట్లుగా విడదీసి పరీక్షించనిదే ఏ చికిత్సనూ నమ్మరాదని 1972లో పుస్తకం రాశారు.

అదే 1972లో న్యూజిలాండులో లిగ్గిన్స్, హోవీ అనే డాక్టర్లు ఒక ఫలితం ప్రకటించారు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి ముందుగా స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే, మందు మాయ ద్వారా బిడ్డకు చేరి ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయి. బిడ్డలు ఊపిరాడక చనిపోవడం తగ్గుతుంది. తరువాత మరికొన్ని చోట్ల పరీక్షలు జరిగాయి. కాని ఎవరి ఫైలు వారి బీరువాలోనే ఉండిపోయింది. మొత్తం వేసినవారు లేరు. చాలామంది డాక్టర్లు మందు వాడలేదు. బతకవలసిన బిడ్డలు ఎందరో పోయారు.

వైద్యులు తమ పరీక్షలను శాఖలవారీగా కూడి సరిచూసుకోవడం లేదని 1979లో కాక్రేన్ గారు మందలించారు. ఆఖరున వచ్చినవారికి ఎగతాళిగా ఇచ్చే చెక్క గరిటెను కాన్పుల వైద్యశాఖకు ఇచ్చారు. ఆ మాట ఆక్స్‌ఫర్డులో ఇయాన్ చామర్స్ బృందాన్ని కదిలించింది. వారు కాన్పుల పరీక్షలన్నీ ఏరి కూడి 1989లో గ్రంథంగా తెచ్చారు. స్టీరాయిడ్ లెక్క కూడా తేలింది. దానికి ముందుమాట రాస్తూ కాక్రేన్ గారు ఆ గరిటెను వెనక్కి తీసుకున్నారు. గ్రంథం వెలువడేలోగా, 1988 జూన్ 18న కన్నుమూశారు.

1993లో ఆయన పేరిట వెలసిన సంస్థ ముద్రలో ఏడు అడ్డగీతలున్నాయి. అవి స్టీరాయిడ్ మీద జరిగిన ఏడు పరీక్షలు. విడివిడిగా చూస్తే రెండే స్పష్టంగా మేలు చూపాయి. కూడితే సందేహం మిగలలేదు.

కూడిక రెండో వైపు కూడా చూపింది. వెంటిలేటరు మీద ఎక్కువ కాలం ఉన్న బిడ్డలకు దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దాన్ని ఆపాలని పుట్టిన మొదటి వారంలోనే బిడ్డకు డెక్సామెథసోన్ ఇచ్చేవారు. ఊపిరితిత్తులకు మేలు జరిగింది. కాని పెద్దయ్యాక కాళ్లు చేతులు స్వాధీనంలో లేని సెరిబ్రల్ పాల్సీ ఎక్కువైందని లెక్కల్లో బయటపడింది. అందుకే 2002లో అమెరికా, కెనడా పిల్లల వైద్య సంఘాలు దాన్ని మామూలుగా వాడవద్దన్నాయి.

మా మనుమరాలు ఏడో నెల దాటగానే పుట్టింది. కాన్పుకు ముందు కోడలికి స్టీరాయిడ్ ఇస్తామంటే ఇంట్లో అందరూ బెదిరిపోయారు. డాక్టరమ్మ ఓపికగా వివరించాక ఒప్పుకున్నారు. పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది.

మిత్రులారా! మీ ఇళ్లలో అటువంటి అవసరం వస్తే మందు పేరు విని భయపడకండి, గుడ్డిగానూ ఒప్పుకోకండి. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు ఇస్తున్నారో డాక్టరుని అడగండి. కాక్రేన్ గారు జీవితమంతా అడిగిన ప్రశ్న అదే.