జాన్ బౌల్బీ

చంటిబిడ్డ తల్లి చంక దిగినంతనే ఏడ్చుట, క్రొత్తవారిని చూచి ఆమె కొంగుచాటున దాగుట మనమందఱము ఎఱిగినదే. ఇంతటి మమకారమునకు మూలమేమని అడిగినచో, ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున పాశ్చాత్య పండితులు పెక్కురు ఒకే సమాధానము చెప్పుచుండిరి. తల్లి పాలిచ్చును, ఆకలి తీరును, ఆకలి తీర్చినవారియందు బిడ్డకు ప్రీతి కలుగును. ఈ లెక్కన పాలు పట్టి, శుభ్రముగా ఉంచి, వ్యాధి సోకకుండ కాపాడువారు ఎవరైనను బిడ్డకు ఒకటే కావలెను. ఈ నమ్మకముతోనే నాడు అనేక అనాథ శరణాలయములు నడిచినవి, ఆసుపత్రులును నడిచినవి. ఇది పొరపాటని చూపుటకు తన జీవితమును వెచ్చించిన ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ.

బౌల్బీ 1907వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి సర్ ఆంథొనీ బౌల్బీ పేరుగాంచిన శస్త్రవైద్యుడు. రాజకుటుంబమునకు సైతము వైద్యము చేసినవాడు. ఆఱుగురు సంతానములో జాన్ నాలుగవవాడు. సిరిసంపదలకు కొదువ లేదు గాని, ఆ కాలపు ఆంగ్ల సంపన్న గృహములలో బిడ్డలను పెంచు పద్ధతి మనకు వింతగా తోచును. పిల్లలకు వేఱుగా గదులు, వారిని చూచుటకు ఒక పెద్ద దాది, ఆమె క్రింద చిన్న దాదులు. తల్లి సాయంకాలము తేనీటివేళ గడచిన పిమ్మట ఒక గంటసేపు బిడ్డలను చూచెడిది. తండ్రి దర్శనము అంతకంటెను అరుదు. వారు కఠినహృదయులై అట్లు చేసిరని తలపరాదు. ముద్దు ఎక్కువైన బిడ్డలు చెడిపోవుదురని ఆ తరగతివారు నమ్మియుండిరి.

జాన్‌ను ఎత్తుకొని పెంచినది ఒక చిన్న దాది. అతనికి ఇంచుమించు నాలుగేండ్లు వచ్చునప్పటికి ఆమె ఆ కొలువు విడిచి వెళ్ళిపోయెను. పెద్దల కన్నులకు ఇది పెద్ద విషయము కాదు; పనివారు వచ్చుట, పోవుట మామూలే గదా! కాని ప్రేమగల దాది విడిచిపోవుట బిడ్డకు తల్లిని పోగొట్టుకొనుటతో ఇంచుమించు సమానమని ఆయన తరువాతి కాలమున వ్రాసెను.

బాలుడు కొంతకాలమునకు వసతి పాఠశాలకును, పిమ్మట డార్ట్‌మత్‌లోని నావికా కళాశాలకును వెళ్ళెను. నౌకాజీవితము అతనికి రుచింపలేదు. 1925లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, వైద్యమునకు కావలసిన శాస్త్రములతోపాటు మనస్తత్త్వ శాస్త్రమును చదివి, 1928లో పట్టము పొందెను. నేరుగా వైద్యవిద్యలో ప్రవేశింపవలసినవాడు కొంతకాలము ఆగి, దారి తప్పిన పిల్లల కొఱకు ఏర్పడిన ఒక చిన్న పాఠశాలలో పనికి కుదిరెను.

అచ్చట ఇద్దఱు బాలురు ఆయన దృష్టి నాకర్షించిరి. ఒకడు దొంగతనము చేసి ముందటి బడినుండి వెడలగొట్టబడినవాడు. వాడు ఎవరితోను కలియడు. ఎవరి ఆదరమును వానిని కదలింపదు. పసితనమున వానిని నిలుకడగా తల్లివలె చూచినవారు లేరు. రెండవవాడు ఏడెనిమిదేండ్లవాడు, బౌల్బీ ఎటు పోయిన నటు వెంట నడచుచు, ఆయన నీడ యని పేరు పొందెను. ఒకడు ఎవరికిని దగ్గఱ కానేరడు. మఱియొకడు దొరికినవారిని విడువనేరడు. ఈ రెండును ఒకే లోటునకు రెండు రూపములు కావచ్చునా యను ప్రశ్న ఆ యువకుని మనసున నాటుకొనెను.

1933లో లండనున వైద్యపట్టము పొంది, మానసిక వైద్యమును, ఫ్రాయిడు నెలకొల్పిన మనోవిశ్లేషణమును అభ్యసించెను. ఆయనకు బోధించినవారిలో మెలనీ క్లయిన్ ప్రసిద్ధురాలు. బిడ్డ మనసులో మెదలు ఊహలకే ఆమె సిద్ధాంతమున ప్రాధాన్యము. ఆమె పర్యవేక్షణలో బౌల్బీ ఒక మూడేండ్ల బాలునికి చికిత్స చేయుచు, వాని తల్లి తీవ్రమైన ఆందోళనతో వేగిపోవుచుండుట గమనించెను. ఆమెతో మాటలాడుటకు గురువు అనుమతి లేదు. మూడు నెలలు గడచునప్పటికి ఆ తల్లియే మానసిక చికిత్సాలయమున చేరవలసివచ్చెను. బిడ్డ చుట్టును నిజముగా జరుగుచున్నదానిని విడిచి ఊహలను మాత్రమే వెదకుట శిష్యునకు సరిగా తోచలేదు.

అదే కాలమున లండనులోని ఒక బాలల చికిత్సాలయమున పనిచేయుచు, దొంగతనములు చేసిన 44 మంది పిల్లల పూర్వచరిత్రలను శోధించెను. పోల్చి చూచుటకు, అచ్చటికే వచ్చిన, దొంగతనము చేయని మఱి 44 మందిని తీసికొనెను. దొంగలలో 14 మంది ఎవరియందును ప్రేమ లేనివారుగా కనబడిరి. వారిలో 12 మంది పసితనమున తల్లికి చాలకాలము దూరమైనవారే! తక్కిన 30 మంది దొంగలలో అట్టివారు ఐదుగురు. రెండవ గుంపులో ఇద్దఱు మాత్రమే. ఈ ఫలితములు 1944లో వెలువడినవి. లెక్క చిన్నది, పరీక్షించినవాడును, తీర్పు చెప్పినవాడును ఒక్కడే. కావున దీనిని తిరుగులేని నిదర్శనముగా గైకొనరాదు. ఐనను వెదకవలసిన చోటు ఏదో అది చూపెను.

ఈ నడుమ 1939 సెప్టెంబరున యుద్ధము వచ్చెను. బాంబుల భయముచే లక్షలకొలది పిల్లలు నగరములనుండి పల్లెలకు తరలిరి. ఐదేండ్లలోపు పసివారిని తల్లులనుండి వేఱుచేయుట ప్రమాదకరమని బౌల్బీయు, మఱి యిద్దఱు వైద్యులును ఆ డిసెంబరులోనే బ్రిటిషు వైద్యపత్రికకు లేఖ వ్రాసిరి.

యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో ఆయన టావిస్టాక్ చికిత్సాలయమున బాలల విభాగమునకు అధిపతి యయ్యెను. 1948లో జేమ్స్ రాబర్ట్‌సన్ అను స్కాట్లండు దేశీయుని సహాయకునిగా నియమించుకొనెను. యుద్ధకాలమున ఆనా ఫ్రాయిడు నడిపిన శిశుగృహమున నీటికొలిమి చూచుకొను పనితో ఆరంభించినవాడితడు. ఆ గృహమున ఏ పని చేయువారైనను బిడ్డలయందు తాము చూచినదానిని చీటీలపై వ్రాసియుంచవలెనని నియమము. ఓపికతో గమనించుట రాబర్ట్‌సన్ అచ్చటనే నేర్చెను.

నాటి ఆంగ్ల ఆసుపత్రులలో పసిరోగులను చూచుటకు తల్లిదండ్రులను కొన్నిచోట్ల వారమునకు ఒక గంట మాత్రమే రానిచ్చెడివారు. కొన్నిచోట్ల అసలే రానిచ్చెడివారు కారు. తల్లి వచ్చి వెళ్ళినపుడెల్ల బిడ్డ ఏడ్చును. రాకున్నచో కొన్ని దినములకు ఏడ్పు మాని సర్దుకొనును. కావున ఆమె రాకుండుటయే మేలని వైద్యులును, నర్సులును తలచిరి. రాబర్ట్‌సన్ మంచముల ప్రక్క గంటలకొలది కూర్చుండి చూచెను. బిడ్డ మొదట బిగ్గఱగా ఏడ్చి తల్లిని పిలుచును. కొన్ని దినములకు గొంతు తగ్గి, ముడుచుకొని, ఎవరిని చూడక పరుండును. ఆపైన లేచి ఆడుకొనును, నవ్వును, ఎత్తుకొన్నవారి వెంట పోవును. తల్లి వచ్చినచో ఎఱుగనట్లు మొగము త్రిప్పుకొనును. సర్దుకొనుట యని నర్సులు సంతోషించినది ఈ మూడవ దశనే. అది నెమ్మది కాదనియు, మనసు తలుపు మూసికొనుట యనియు బౌల్బీ, రాబర్ట్‌సన్‌లు గ్రహించిరి.

మాటలతో చెప్పినచో నమ్మువారు లేకపోయిరి. అందుచేత రాబర్ట్‌సన్ చేతి కెమెరా ఒకటి సంపాదించి, చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న రెండేండ్ల ఐదు నెలల పాపను చిత్రించెను. తమకు అనుకూలమైన బిడ్డను ఏరుకొనిరను నింద రాకుండ, జాబితానుండి చేతికి వచ్చిన పేరును తీసికొనిరి. ఏడ్చిన క్షణములనే పట్టిరను మాట రాకుండ, నియమితమైన వేళలలో, గోడ గడియారము కనబడునట్లు చిత్రించిరి. ఈ జాగ్రత్తలు బౌల్బీతో ఆలోచించి చేసినవే. ఆ పాప గోలచేయు పిల్ల కాదు. కన్నీరు అదుముకొనుటకు ఆమె పడిన పాటే చూచువారి గుండెను పిండును. 1952లో ఈ చిత్రమును లండను వైద్యసభలో ప్రదర్శింపగా, పలువురు తమ వృత్తికి అవమానము జరిగెనని కోపించిరి. ఏడేండ్లు గడచిన పిమ్మట, 1959లో, సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన ప్రభుత్వము నియమించిన సంఘము, తల్లిదండ్రులు బిడ్డను ఏ వేళనైనను చూడవచ్చుననియు, పసివారితో తల్లులను కూడ చేర్చుకొనవలెననియు సిఫారసు చేసెను. ఆసుపత్రులు దానిని వెంటనే పాటింపలేదు. 1961లో తల్లులు తామే సంఘముగా ఏర్పడి అడుగవలసివచ్చెను.

బిడ్డ తల్లిని అంతగా ఏల కోరునను ప్రశ్న మాత్రము మిగిలియుండెను. దీనికి సమాధానము బౌల్బీకి జంతువులను పరిశీలించువారియొద్ద దొరికెను. గ్రుడ్డునుండి వెలువడిన బాతుపిల్లలు మేత పెట్టకున్నను తొలుత చూచిన కదలు ప్రాణిని వెంబడించునని ఆస్ట్రియా దేశపు కొన్రాడ్ లోరెంజ్ చూపియుండెను. అమెరికాలో హ్యారీ హార్లో కోతిపిల్లలను తల్లులనుండి వేఱుచేసి, వానికి రెండు బొమ్మతల్లులను పెట్టెను. ఒకటి ఇనుప తీగలది, పాలసీసా గలది; రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. పిల్లలు పాలకై తీగబొమ్మయొద్దకు పోయి, కడుపు నిండగానే గుడ్డబొమ్మను కౌగిలించుకొనెడివి. ఆ మూగజీవులు పడిన బాధను తలచినచో ఈ పరీక్ష మనకు రుచింపదు గాని, దాని సాక్ష్యమును కాదనలేము. మమకారము పాలవలన పుట్టినది కాదు. క్రూరమృగములు తిరుగు చోట పెద్దలను అంటిపెట్టుకొన్న పిల్లయే బ్రదుకును. కావున ఈ తపన ఆకలివలెనే పుట్టుకతో వచ్చినదని బౌల్బీ వాదించెను. 1958లో ఈ వాదము ప్రకటితము కాగా, తోటి మనోవిశ్లేషకులే ఆయనను గట్టిగా ఎదిరించిరి.

ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ తొలుత ఉగాండా పల్లెలలోను, పిమ్మట అమెరికాలోని బాల్టిమోరు నగరమునను తల్లీబిడ్డలను వారి యిండ్లలోనే నెలలకొలది చూచెను. తన పిలుపునకు వెంటనే పలుకువారు కలరని నమ్మిన బిడ్డయే తల్లిని విడిచి ధైర్యముగా దూరము ప్రాకి, క్రొత్త వస్తువులను పరీక్షించుననియు, భయము కలిగినపుడు తిరిగి వచ్చి చేరుననియు ఆమె తెలిపెను. చంకనుంచుకొనిన బిడ్డ పిఱికిది యగునను పాత భయమునకు ఇది జవాబు.

బౌల్బీ మాటలలో అతిశయము లేకపోలేదు. తొలినాళ్ళ వ్రాతలలో ఆయన తల్లిని గూర్చియే ఎక్కువగా చెప్పుటచే, పనికి పోవు తల్లులందఱు దోషులని కొందఱు భావించిరి. 1964లో గ్లాస్గో నగరమున 60 మంది శిశువులను పరిశీలించినవారు, బిడ్డ తండ్రితోను, అవ్వతోను, తక్కిన బంధువులతోను అనుబంధము పెంచుకొనునని చూపిరి. మన యిండ్లలో అమ్మమ్మ ఒడిలో పెరిగినవారికి ఇది క్రొత్త కాదు. మైకేల్ రట్టర్ 1972లో ఈ సిద్ధాంతమును మరల పరిశీలించి, ఎడబాటు వేఱు, అసలే అనుబంధము ఏర్పడకుండుట వేఱు అని విడదీసెను. విమర్శలలో సరియైనవానిని బౌల్బీ అంగీకరించెను.

అనుబంధము, ఎడబాటు, వియోగము అను మూడు విషయములపై ఆయన 1969, 1973, 1980 సంవత్సరములలో మూడు సంపుటములు ప్రకటించెను. తరువాత చార్లెస్ డార్విన్ జీవితచరిత్రను చేపట్టెను. డార్విన్ ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనినవాడు. ఆయనను జీవితమంతయు వేధించిన అనారోగ్యమునకు ఆ దుఃఖముతో సంబంధము కలదని బౌల్బీ అభిప్రాయము. ఆ గ్రంథము 1990లో వెలువడెను. అదే సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన, తాను వేసవులు గడపుచు వచ్చిన స్కాట్లండులోని స్కై ద్వీపమున, 83వ యేట బౌల్బీ కన్నుమూసెను.